మధుమేహ రోగులలో కీమోథెరపీ దుష్ఫలితాలు

కీమోథెరపీ అనగా మందులతో కాన్సర్ కణాలను నశింపజేసే చికిత్స. ఈ చికిత్స పొందే వ్యక్తికి అంతకుముందే మధుమేహం (చక్కెర వ్యాధి) ఉన్నట్లయితే ఒక వ్యాధికి వాడే మందులు రెండవ వ్యాధిని తీవ్రతరం చేయవచ్చును. నీరసం, కాళ్ళ తిమ్మిర్లు వంటి లక్షణాలు రెండింటిలోనూ కనిపిస్తాయి కనుక కారణాన్ని గుర్తించడం కూడా కష్టమవుతుంది.

స్టీరాయిడ్లు - రక్తంలో చక్కెర

వాంతులను, పాక్లిటాక్సెల్ వంటి మందుల వలన కలిగే ఎలర్జీని నివారించడానికి కీమోథెరపీకి ముందు డెక్సామెథసోన్ అనే స్టీరాయిడును ఇస్తారు. కొన్ని లింఫోమాలకు వాడే చాప్ పద్ధతిలో ప్రెడ్నిసొలోన్ 5 రోజులపాటు చికిత్సలోనే ఒక భాగము. ఇవి కాలేయం నుండి గ్లూకోజు విడుదలను పెంచి, ఇన్సులిన్ ప్రభావాన్ని తగ్గిస్తాయి.

ప్రెడ్నిసొలోన్‌ను ఉదయం ఒకేసారి తీసుకున్నవారిలో చక్కెర మధ్యాహ్నం నుండి రాత్రి వరకు బాగా పెరిగి, మరునాటి ఉదయానికి తగ్గుతుంది. అందువలన పరగడుపున చేసిన పరీక్ష ఒక్కటే చూసి వ్యాధి అదుపులో ఉన్నదనుకొనడం సరికాదు. మధ్యాహ్న భోజనం తరువాత, రాత్రి భోజనానికి ముందు కూడా పరీక్షించవలెను. డెక్సామెథసోన్ ప్రభావం ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. స్టీరాయిడు రోజులలో వైద్యులు పెంచిన ఇన్సులిన్ మోతాదును అది ఆపిన తరువాత తగ్గించకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. రక్తహీనత ఉన్నవారిలో, రక్తం ఎక్కించినవారిలో హెచ్‌బిఎ1సి పరీక్ష ఫలితం నమ్మదగినది కాదు.

వాంతులు - ఆహారం

భోజనం చేయకపోయినా, తిన్నది వాంతి అయినా గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు తమ పని చేస్తూనే ఉంటాయి. చక్కెర 70 మి.గ్రా. కంటే తగ్గితే చెమట, వణుకు, తికమక కలుగుతాయి. వీటిని కీమోథెరపీ నీరసమని పొరబడుట కలదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలను ఆహారం తీసుకోలేని రోజులలో ఆపమంటారు; లేనియెడల రక్తంలో కీటో ఆమ్లాలు పెరగవచ్చును. మొదటి రకం మధుమేహంలో మాత్రం తిండి లేకున్నా ఇన్సులిన్‌ను పూర్తిగా మానరాదు.

నీరసించిన రోగికి బంధువులు గ్లూకోజు నీళ్ళు, పండ్లరసాలు త్రాగించడం తెలుగునాట పరిపాటి. చక్కెర పడిపోయినపుడు ఇది ప్రాణం నిలుపుతుంది. పెరిగి ఉన్నపుడు కీడు చేస్తుంది. ముందుగా మీటరుతో చూడడం ఉత్తమం. మీటరు అందుబాటులో లేక, చెమట, వణుకు ఉంటే, రోగి మింగగల స్థితిలో ఉన్నట్లయితే చక్కెర ఇవ్వడమే క్షేమం.

నరాలు - పాదాలు

విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్, సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ మందులు నరాలను దెబ్బతీస్తాయి. మధుమేహం వలన అప్పటికే స్పర్శ తగ్గినవారిలో ఈ నష్టం అధికం. పాత తిమ్మిర్లను చికిత్సకు ముందే తెలిపినచో వైద్యులు మందును లేదా మోతాదును మార్చే వీలుంటుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు కనుక ఇంటిలో సైతం చెప్పులు ధరించి, ప్రతిరోజూ అరికాళ్ళను చూసుకొనవలెను.

మూత్రపిండాలు

సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలకు హాని చేయగలదు. వాటి పనితీరు బాగా తగ్గినపుడు మెట్‌ఫార్మిన్ ఆపివేస్తారు.

జ్వరం

కీమోథెరపీ వలన తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. అధిక చక్కెర కూడా రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. ఈ స్థితిలో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 డిగ్రీల సెల్సియస్) జ్వరం వచ్చినా అత్యవసరమే. పారాసెటమాల్ వేసుకొని తెల్లవారేవరకు వేచి ఉండక, వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.