రెండు ట్రాకుల ఉమ్మడి కాపురం

రేడియోలో స్పూలు టేపులను బ్లేడుతో కోసి అతికించిన చేతులు నావి. అందుకే జర్మన్ బ్యాండు 'క్యాన్' గురించి మాటొస్తే అందరూ గాయకుల దగ్గర ఆగుతారు, నేను మాత్రం టేపు మిషను దగ్గర ఆగుతాను. నన్నడిగితే ఆ బ్యాండును నిలబెట్టింది అదే, విడగొట్టిందీ అదే.

1968లో కొలోన్ నగరంలో మొదలైందా బ్యాండు. కీబోర్డు ఇర్మిన్ ష్మిట్, బేస్ గిటారు హోల్గర్ చుకాయ్. ఇద్దరూ స్వరకర్త స్టాక్‌హౌజెన్ శిష్యులే. గిటారు వాయించిన మిఖాయెల్ కరోలి చుకాయ్ దగ్గర నేర్చుకున్న కుర్రాడు. డ్రమ్మరు యాకి లీబెట్సైట్ ఫ్రీ జాజ్ మీద మొహంమొత్తి, ఒకే దరువును పట్టుకుని గంటలకొద్దీ తిప్పేవాడు.

కొలోన్ దగ్గరి నోర్వెనిష్ కోటలో ఒక కళాభిమాని వాళ్లకు చోటిచ్చాడు. ఉన్నది రెండు ట్రాకుల రికార్డింగే. అంటే అందరూ ఒక్కసారే వాయించాలి. ఒకడు తడబడితే అతని ముక్క ఒక్కటే తీసేసి దిద్దుకునే వీల్లేదు. అందుకని చెవులన్నీ పక్కవాడి మీదే ఉండేవి. గంటల తరబడి సాగిన ఆ వాయింపును తర్వాత చుకాయ్ కూర్చుని కోసి, పాటలుగా అతికేవాడు. 1971 నాటి 'టాగో మాగో' అలా తయారైందే. అందులో 18 నిమిషాల పాట ఒకటి రికార్డుకు ఒక పక్కంతా ఆక్రమించింది.

మొదటి గాయకుడు మాల్కమ్ మూనీ మనసు చెదిరి అమెరికా వెళ్లిపోయాడు. 1970లో మ్యూనిక్ వీధిలో పాడుకుంటున్న జపాన్ యువకుడు డామో సుజుకిని చూసి, ఆ రాత్రే స్టేజి ఎక్కించారు. టీవీ థ్రిల్లరు కోసం చేసిన 'స్పూన్' జర్మనీలో పెద్ద హిట్టయింది. మకాం వైలర్స్‌విస్ట్‌లో మూతబడ్డ సినిమా హాలుకు మారింది. శబ్దం ప్రతిధ్వనించకుండా గోడల నిండా పాత మిలటరీ పరుపులు వేలాడదీశారు. 1972 ఆల్బమ్ అట్ట మీదైతే ఏకంగా టర్కీ బెండకాయల డబ్బా బొమ్మ వేశారు.

1973లో సుజుకి వెళ్లిపోయాడు. చాలామంది పతనాన్ని అక్కణ్ణుంచి లెక్కేస్తారు. నా లెక్క 1975 నుంచి. ఆ ఏడాది 'ల్యాండెడ్'కు 16 ట్రాకుల రికార్డింగు వచ్చింది. ఇక ఎవరి ట్రాకు వాళ్లది. బాగా రాకపోతే ఒక్కడే కూర్చుని మళ్లీ వాయించుకోవచ్చు. చుకాయ్ కోతపనికీ మునుపటి విలువ పోయింది. 1976లో 'ఐ వాంట్ మోర్' బ్రిటన్‌లో 26వ స్థానం దాకా వెళ్లినా, లోపలి బీటలు పూడలేదు. రాస్కో గీ వచ్చి బేస్ అందుకున్నాక చుకాయ్ స్టేజి మీద షార్ట్‌వేవ్ రేడియో తిప్పుతూ కూర్చున్నాడు. 1977లో అతనూ తప్పుకున్నాడు. 1979కి బ్యాండే లేదు. మూనీతో కలిసి మళ్లీ చేసిన రికార్డు 1989లో వచ్చింది గానీ, ఆ కాపురం మళ్లీ నిలవలేదు.

మిషను పెద్దదైతే పాటా పెద్దదవుతుందని వాదించే కుర్రాళ్లకు 'టాగో మాగో', 'ల్యాండెడ్' వెంటవెంటనే వినిపిస్తాను. రెండోది తీసిపారేసేదేం కాదు. అందరూ చక్కగానే వాయించారు, కాకపోతే ఎవరికి వారు.