గాలి తుపాకీకి నిలకడ నేర్పిన ఊరు

జర్మనీ నైరుతి మూల, బ్లాక్ ఫారెస్ట్ అడవుల అంచున, నెకర్ నది ఒడ్డున ఓబెర్న్‌డోర్ఫ్ అనే చిన్న ఊరుంది. 1811లో వుర్టెంబర్గ్ రాజు మొదటి ఫ్రెడరిక్ అక్కడి పాత అగస్టీనియన్ మఠంలో తుపాకుల కర్మాగారం పెట్టించాడు. అప్పటినుంచి ఆ ఊరికి అన్నం పెట్టింది తుపాకీయే. ఆ కర్మాగారంలో పనిచేసే ఒక తుపాకీ పనివాడి కొడుకులే విల్‌హెల్మ్, పాల్ మౌజర్. వాళ్లు పెట్టిన మౌజర్ సంస్థ చేసిన, పేరు మోసిన 1898 నమూనా రైఫిల్‌ను ఎన్నో దేశాల సైన్యాలు భుజాన వేసుకున్నాయి. 1945లో ఫ్రెంచి సేనలు ఊరిని స్వాధీనం చేసుకున్నాయి. కర్మాగారంలోని యంత్రాలను విప్పి తరలించుకుపోయాయి. ఆయుధాల తయారీ మీద నిషేధం పడింది.

ఉక్కు గొట్టాన్ని వెంట్రుకవాసి తేడా రాకుండా తొలిచే విద్యను తాతల నాటి నుంచి నేర్చుకుంటూ వచ్చిన ఊరది. ఒక్కసారిగా ఆ చేతులకు పని లేకుండా పోయింది. మౌజర్‌లో పనిచేసిన ముగ్గురు ఇంజినీర్లు 1949లో కుట్టుమిషన్, సైకిల్ విడిభాగాలతో మొదలుపెట్టిన సంస్థే హెక్లర్ అండ్ కోఖ్. అదే మౌజర్ నుంచి వచ్చిన మరో ఇద్దరు, కార్ల్ వెస్టింగర్, ఎర్నెస్ట్ ఆల్టెన్‌బుర్గర్, తమ పనిశాలకు ఫైన్‌వెర్క్‌బౌ అని పేరు పెట్టుకున్నారు. సూక్ష్మ యంత్రాల నిర్మాణం అని దాని అర్థం. ఈ పేరు షూటింగ్ రేంజ్ మెట్లెక్కిన ప్రతి కుర్రాడికీ తెలుసు.

యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో ముందుగా అనుమతి దొరికింది గాలి తుపాకులకే. మందు లేదు, పేలుడు లేదు, చంపే శక్తి లేదు. కాబట్టి ఒక దేశపు తుపాకీ పనితనమంతా ఈ ఆటవస్తువు మీదికి మళ్లింది. నేటి హై ఎండ్ ఎయిర్ రైఫిల్ కథ అక్కడే మొదలవుతుంది.

గాలి తుపాకీ మాత్రం అంతకంటే చాలా పాతది. 1780లో ఆస్ట్రియా సైన్యం జిరార్డోని అనే పనివాడు చేసిన గాలి రైఫిల్‌ను తీసుకుంది. దాని మడమ భాగమే గాలి తిత్తి. పంపుతో సుమారు 1500 సార్లు కొడితే గానీ నిండేది కాదు. నిండితే మాత్రం పొగ లేకుండా ఇరవై గుళ్ల దాకా వరసపెట్టి కాల్చేది. 1804లో అమెరికా పడమటి దిక్కు వెతుక్కుంటూ బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందం దగ్గర ఉన్న గాలి తుపాకీ ఇదేనని ఎక్కువమంది పరిశోధకుల నమ్మకం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల మద్యశాలల్లో మరో ముచ్చట నడిచేది. ఇనుప పలకకు అంగుళంలో మూడెనిమిదో వంతు వెడల్పున్న కంత, దాని వెనక ఒక గంట. గుండు కంతలోంచి దూరితే గంట మోగుతుంది. సాయంత్రాలు పేటకూ పేటకూ మధ్య పోటీలు జరిగేవి. లింకన్ జెఫ్రీస్ అనే తుపాకీ పనివాడి నమూనాతో బీఎస్ఏ కంపెనీ 1905 నుంచి తయారు చేసిన రైఫిళ్లు ఆ పోటీల్లో తిరిగాయి. గురి చూసి కొట్టడాన్ని వేట నుంచి, యుద్ధం నుంచి విడదీసి చూసిన మనుషులు వీళ్లు. ఇప్పటి పది మీటర్ల ఆటకు వాళ్లే పెద్దలని చెప్పుకోవడం న్యాయం.

అయితే స్ప్రింగు తుపాకీకి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. మన తిరునాళ్లలో బుడగలు కొట్టే తుపాకీ చేతబట్టిన వాళ్లకు అది అనుభవమే. గొట్టాన్ని మధ్యకు విరిచి వంచితే లోపల బలమైన స్ప్రింగు బిగుసుకుంటుంది. గుండు పెట్టి, గొట్టం సరిచేసి, మీట నొక్కితే స్ప్రింగు విడివడి పిస్టన్‌ను ముందుకు తన్నుతుంది. పిస్టన్ ముందున్న గాలి నలిగి గుండును తోస్తుంది. ఇంతలో తుపాకీ భుజం మీదికి వెనక్కి జరుగుతుంది, పిస్టన్ చివర తగలగానే మళ్లీ ముందుకు ఉలిక్కిపడుతుంది. ఈ రెండు కుదుపులూ వచ్చేసరికి గుండు ఇంకా గొట్టంలోనే ఉంటుంది. చూసిన గురి ఒకటి, గుండు బయటపడే నాటికి గొట్టం చూపే దిక్కు ఇంకొకటి. మందు తుపాకీలో గుండు అంతకంటే చాలా వేగంగా గొట్టం దాటిపోతుంది కాబట్టి ఇంత బాధ లేదు. బుడగ పెద్దది గనుక తిరునాళ్లలో ఈ తేడా చెల్లిపోతుంది. పది మీటర్ల దూరంలో కాగితం మీద పెట్టిన చుక్క దగ్గర చెల్లదు.

ఈ జబ్బుకు జర్మన్లు వెతికిన మందులు ఒకటి కాదు. రాష్టాట్ పట్టణంలోని డయానా కంపెనీకి కుర్ట్ గిస్ అనే ఇంజినీర్ రెండు పిస్టన్ల పద్ధతి ఇచ్చాడు. ఒకటి ముందుకు పోతుంటే మరొకటి అదే వేగంతో వెనక్కి పోతుంది. రెండు కుదుపులూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఉపాయం గొప్పదే, కానీ లోపలి పళ్లచక్రాలు సర్దడం కష్టం. ఓబెర్న్‌డోర్ఫ్ ఫైన్‌వెర్క్‌బౌ వాళ్లు కుదుపును ఆపాలనే చూడలేదు. రైఫిల్ లోపలి యంత్రాన్నంతా గొట్టంతో సహా చెక్క దిమ్మెలో చిన్న పట్టాల మీద కూర్చోబెట్టారు. మీట నొక్కగానే గొళ్లెం ఊడి, ఆ యంత్రం మొత్తం పట్టాల మీద తిన్నగా కాస్త వెనక్కి జారుతుంది. చెక్క, భుజం, చెంప కదలవు. 1960ల మొదట్లో వచ్చిన 150 నమూనాలోనూ, ఆ తర్వాతి 300, 300ఎస్‌లలోనూ ఈ పట్టాల పద్ధతే ఉంది. పక్కనున్న పొడుగాటి లీవరును వెనక్కి లాగినప్పుడు లోపల స్ప్రింగు మెత్తగా బిగుసుకోవడం, మీట నొక్కినప్పుడు బరువైన ఉక్కు తలుపు మూసుకున్నట్టు ఒక చిన్న చప్పుడు, అంతే. ఆ చప్పుడు ఒకసారి విన్న షూటరు మరిచిపోలేడు.

1966లో వీస్‌బాడెన్ ప్రపంచ పోటీల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ తొలిసారి చోటు సంపాదించింది. ఇక పోటీ కంపెనీల మధ్యకు కూడా వచ్చింది. వాల్టర్, అన్‌షుట్జ్ రెండూ తూరింగియాలోని జెల్లా, మెహ్లిస్ జంట ఊళ్లలో పుట్టినవి. ఆ ప్రాంతం తూర్పు జర్మనీకి పోవడంతో రెండూ ఇల్లు విడిచి డాన్యూబ్ ఒడ్డున ఉల్మ్ పట్టణానికి చేరుకున్నాయి. 1974లో వాల్టర్ తన ఎల్‌జీఆర్ నమూనాలో స్ప్రింగునే పక్కన పెట్టేసింది. లీవరు ఒక్కసారి మూస్తే గదిలో గాలి నలిగి నిలుస్తుంది. మీట నొక్కితే చిన్న కవాటం తెరుచుకుంటుంది. బరువైన పిస్టన్ పరుగు లేదు గనుక కుదుపూ దాదాపు లేదు. పదేళ్లకు ఫైన్‌వెర్క్‌బౌ 600 నమూనాతో అదే దారికి వచ్చింది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఈ ఆట ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. పురుషుల్లో ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ ఎబెర్లే, మహిళల్లో అమెరికా అమ్మాయి పాట్ స్పర్జిన్ తొలి స్వర్ణాలు అందుకున్నారు.

తర్వాత కొన్నేళ్లు కార్బన్ డై ఆక్సైడ్ సిలిండర్ల మోజు నడిచింది. లీవరు లాగే శ్రమ తప్పింది గానీ, ఆ వాయువు ఎండకూ చలికీ ఒత్తిడి మార్చుకుంటుంది. 1990ల చివరికి 200 బార్ల ఒత్తిడితో గాలి నింపిన సిలిండరు, దాని వెనక ప్రతి గుండుకూ ఒకే మోతాదు గాలి కొలిచి ఇచ్చే రెగ్యులేటరు వచ్చి ఈ వెతుకులాటకు ముగింపు పలికాయి.

రైఫిల్ ఎంత ఎదిగిందో చెప్పడానికి లక్ష్యాన్ని చూస్తే చాలు. 1989లో లక్ష్య పటాన్ని చిన్నది చేశారు. పాత పటం మీద అందరూ పదులే కొడుతున్నారు మరి. ఇప్పుడు పది అంటే అర మిల్లీమీటరు చుక్క. పెన్సిల్ మొన ఆనిస్తే పడేంత. 4.5 మిల్లీమీటర్ల గుండు అంచు ఆ చుక్కను తాకితే పది. 2013 నుంచి తొలి దశ స్కోర్లను కూడా దశాంశాల్లో లెక్కిస్తున్నారు. అత్యధికం 10.9. అది రావాలంటే గుండు మధ్యభాగం లక్ష్యం నడిబొడ్డు నుంచి పావు మిల్లీమీటరు దాటకూడదు. 75 నిమిషాల్లో 60 గుళ్లు కొట్టాలి, నిలబడి, ఐదున్నర కిలోల వరకు బరువున్న రైఫిల్‌ను చేతులతో మోస్తూ. గుండు వేగమేమో సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల మాత్రమే. జర్మన్ చట్టం ఇలాంటి వాటికి ఏడున్నర జౌళ్ల హద్దు పెట్టి, పంచభుజిలో ఎఫ్ అక్షరం ముద్ర వేయిస్తుంది. బలం అవసరం లేని ఆట ఇది. ప్రతిసారీ అదే బలం రావడమే అవసరం.

ఇక్కడే కొనేవాళ్లు గమనించాల్సిన సంగతి ఉంది. నేడు పేరున్న ఏ కంపెనీ మ్యాచ్ రైఫిల్‌నైనా బిగింపులో బిగించి కాలిస్తే ఐదు గుళ్లూ ఒకే కంతలోంచి పోతాయి. కొత్త రైఫిల్‌తో పాటు ఫ్యాక్టరీ ఆ కంత ఉన్న కార్డునే జతచేసి పంపుతుంది. యాభై ఏళ్ల పాటు జరిగిన పోరాటం రైఫిల్ తనంతట తాను కదలకుండా చేయడానికి. ఆ పోరాటం గెలిచారు. ఇక మిగిలిన కదలిక మనిషిదే. అందుకే ఇప్పటి ఖరీదంతా దిమ్మెలో ఉంటుంది. చెంప ఆనే పలక ఎత్తు, భుజానికి ఆనే బట్ ప్లేటు పొడవు, వంపు, పిడి కోణం, ముందు బరువు, అన్నీ మిల్లీమీటరు కొలతలతో సర్దుకునేలా చేస్తున్నారు. గుళ్లలో కూడా తలభాగం వ్యాసం 4.49, 4.50 అంటూ రకాలుంటాయి. ఏ గొట్టానికి ఏ డబ్బా నప్పుతుందో రైఫిల్‌ను బిగించి పరీక్షించి, నప్పిన బ్యాచ్‌నే పెద్ద మొత్తంలో కొని దాచుకునే షూటర్లున్నారు.

సర్దుబాటు ఎంత సున్నితమో బీజింగ్ ఒలింపిక్స్ చెబుతుంది. 2008 ఆగస్టు 11న ఫైనల్‌కు ముందు అభినవ్ బింద్రా సరిచూసుకోవడానికి కొట్టిన తొలి గుండు ఎక్కడో దూరంగా పడింది. సైటు కదిలిపోయి ఉంది. ఉన్న కొద్ది నిమిషాల్లో ఒక్కో క్లిక్కూ తిప్పుతూ దారికి తెచ్చుకున్నాడు. చివరి గుండుకు ముందు ఫిన్లండ్ షూటర్ హెన్రీ హక్కినెన్‌తో సమానంగా ఉన్నాడు. హక్కినెన్ 9.7 కొట్టాడు, బింద్రా 10.8. మొత్తం 700.5తో భారతదేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం వచ్చింది.

అదే బీజింగ్‌లో అదే పోటీలో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 595 కొట్టి కూడా, సమాన స్కోర్ల లెక్కలో ఫైనల్ చేజార్చుకున్నాడు. ఆ ఏడాది చివర్లో బ్యాంకాక్ వరల్డ్ కప్ ఫైనల్‌లో 600కు 600 కొట్టాడు. నాలుగేళ్లకు లండన్‌లో 701.1 స్కోరుతో కాంస్యం అందుకున్నాడు. ఆ పతకం వెనక ఒక అమ్మకం ఉంది. కొడుక్కి రైఫిల్ కొనడానికి ఆ తల్లిదండ్రులు ఉన్న స్థలం అమ్ముకున్నారు, ఏళ్ల తరబడి అద్దె ఇంట్లోనే ఉన్నారు. రైఫిల్, బిగువైన కాన్వాస్ జాకెట్, ప్యాంటు, బూట్లు, గుళ్లు కలిపితే లక్షల్లోకి పోయే ఆట ఇది. స్థలం అమ్మిన ఇళ్లన్నిటికీ పతకం రాదు. కాబట్టి కొనే ముందు పడే జాగ్రత్తే పిల్లవాడికి చేసే మొదటి మేలు.

బిడ్డను షూటింగ్‌కు పంపుతున్న వాళ్లకు ఒక మాట. మొదటి ఏడాది రేంజ్‌లో ఉన్న రైఫిల్‌తోనే కాల్చనివ్వండి. ఎదిగే వయసులో భుజం, మెడ కొలతలు నెలనెలా మారతాయి. కొనే రోజు జాకెట్ తొడిగించి, రైఫిల్ భుజానికి ఎత్తించి, కళ్లు మూయించండి. రెండు ఊపిరులు తీశాక కళ్లు తెరిస్తే సైటు లక్ష్యం దగ్గరే ఉండాలి. లేకపోతే నిలుచునే తీరు మార్చాలి, దిమ్మె సర్దాలి. ఎంత సర్దినా కుదరకపోతే అది ఎంత కొత్త నమూనా అయినా ఆ బిడ్డది కాదు. పాతదైనా ఒంటికి అమరినది మేలు. నలభై ఏళ్ల నాటి 300ఎస్ కూడా లోపలి సీలు మారిస్తే సాధనకు బాగా పనికొస్తుంది. గాలి సిలిండరు సంగతి వేరు. పోటీ నిబంధనల ప్రకారం దానికి పదేళ్లకు మించి ఆయుష్షు లేదు. తేదీ సిలిండరు మీదే చెక్కి ఉంటుంది. అది చూడకుండా సెకండ్ హ్యాండ్ రైఫిల్‌కు అడ్వాన్సు ఇవ్వకండి.