ఊరూరా మోగిన గిటారు: రోరీ గాలహర్ కచేరీ కాలం

ఐర్లండ్ వాయవ్య తీరాన, డోనెగాల్ కౌంటీలో బాలిషానన్ అనే చిన్న పట్నం ఉంది. మే నెలాఖరు వచ్చిందంటే ఆ ఊరి ఇరుకు వీధులు కిటకిటలాడతాయి. జర్మనీ నుంచి, నెదర్లాండ్స్ నుంచి, జపాన్ నుంచి కూడా జనం దిగుతారు. చాలామంది ఒంటిమీద గళ్ళ చొక్కాలే. పగలు పబ్బుల్లో, వీధి మొగల్లో, రాత్రి పెద్ద స్టేజీ మీద ఒకే మనిషి పాటలు మోగుతుంటాయి. 1948 మార్చి 2న ఆ ఊళ్ళో పుట్టి, ఊహ తెలిసీ తెలియని వయసులోనే అక్కడినుంచి వెళ్ళిపోయిన రోరీ గాలహర్ పేరు మీద 2002లో మొదలైన సంగీతోత్సవం ఇది.

రోరీకి చెప్పుకోదగ్గ హిట్ సింగిల్ ఒక్కటీ లేదు. రికార్డు కంపెనీలు ఎంత బతిమాలినా తన పాటను కత్తిరించి సింగిల్‌గా వెయ్యనిచ్చేవాడు కాదు. బ్రిటన్‌లో చాలా బృందాలకు పేరు రావాలంటే సింగిల్స్ చార్టులో కనబడాల్సిన రోజులవి. ఆ దారి తొక్కని మనిషికి, పోయి మూడు దశాబ్దాలైనా ఇంతమంది ఎలా మిగిలారు? జవాబు అతని రికార్డుల అమ్మకాల్లో కంటే అతను తిరిగిన ఊళ్ళ జాబితాలో దొరుకుతుంది.

రోరీ తండ్రి డోనెగాల్‌లో జలవిద్యుత్ ప్రాజెక్టు పని చేసేవాడు. తర్వాత కుటుంబం డెరీకి, అక్కణ్ణించి తల్లి మోనికా సొంతూరు కార్క్‌కి మారింది. అమెరికా సైనికుల కోసం యూరప్‌లో నడిచే రేడియోలో బ్లూస్, జాజ్ వింటూ రోరీ పెరిగాడు. తొమ్మిదేళ్ళకు చేతికి గిటారు వచ్చింది. పదిహేనేళ్ళ వయసులో, 1963లో, కార్క్‌లోని మైకేల్ క్రౌలీ దుకాణంలో 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ కనబడింది. రాయల్ షోబ్యాండ్ గిటారిస్టు ఎర్రది కావాలని ఆర్డరిస్తే గోధుమ, పసుపు ఛాయలు కలిసిన సన్‌బర్స్ట్ రంగుది వచ్చిందట. ఎర్రది చేతికందాక అతను మొదటిదాన్ని అమ్మకానికి పెట్టాడు. ధర వంద పౌండ్లు. ఆ ఇంటికి అది తలకు మించిన డబ్బు. ఈ గిటారు ఉంటే రిథమ్, లీడ్ రెండూ తనే వాయించుకోవచ్చు, బృందంలో రెండో గిటారిస్టుకు డబ్బివ్వక్కర్లేదు అని తల్లికి నచ్చజెప్పి, వాయిదాల మీద కొన్నాడు. కుర్రవాడి వాదనే తర్వాత అతని పద్ధతి అయింది. జీవితంలో ఎక్కువ భాగం బృందంలో ఉన్నది అతని గిటారొక్కటే.

అతను మొదట చేరింది ఒక షోబ్యాండ్‌లో, పేరు ఫాంటానా. మన జాతరల్లో, పెళ్ళి పందిళ్ళలో సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా పార్టీలాంటిదే ఐరిష్ షోబ్యాండ్. సూట్లేసుకుని, వరసగా నిలబడి, ఆనాటి హిట్ పాటలన్నీ గంటల తరబడి వాయించాలి. లెంట్ ఉపవాస దినాల్లో ఐర్లండ్ డాన్సు హాళ్ళు మూతపడితే ఈ బృందాలు బ్రిటన్ బాట పట్టేవి. వ్యాన్‌లో కునుకు తియ్యడం, ఏ హాల్లో ఎలాంటి మైకు ఉన్నా సర్దుకోవడం, జనం నాడి చూసి తర్వాతి పాట ఎంచుకోవడం రోరీకి అక్కడే అబ్బాయి. ఆ సూటు మాత్రం నచ్చలేదు, తర్వాత గళ్ళ చొక్కాతోనే స్టేజీ ఎక్కాడు.

1966లో కార్క్‌లో రోరీతో కలిపి ముగ్గురి బృందంగా ‘టేస్ట్’ పుట్టింది. ముందు బెల్‌ఫాస్ట్‌లో, 1968 నుంచి లండన్‌లో పేరు తెచ్చుకుంది. ఆ ఏడాది నవంబర్ 26న రాయల్ ఆల్బర్ట్ హాల్లో క్రీమ్ బృందం వీడ్కోలు కచేరీకి ముందు వాయించిన బృందాల్లో టేస్ట్ ఒకటి. మరుసటేడు బ్లైండ్ ఫెయిత్‌తో కలిసి అమెరికా చుట్టివచ్చింది.

లండన్ మార్కీ క్లబ్బులో అప్పట్లో జరిగిన ఒక సంగతి క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే పలుమార్లు చెప్పాడు. అప్పటికింకా క్వీన్ లేదు, అతనూ కుర్రవాడే. కచేరీ అయిపోయి జనం వెళ్ళిపోయాక స్నేహితుడితో కలిసి లోపలే ఆగిపోయి, సామాన్లు సర్దుకుంటున్న రోరీని ఆ నాదం ఎలా వస్తోందని అడిగాడు. రోరీ విసుక్కోలేదు. వాక్స్ ఏసీ30 యాంప్లిఫయర్, దానికి ముందు రేంజ్‌మాస్టర్ అనే చిన్న ట్రెబుల్ బూస్టర్ డబ్బా, అంతేనని చూపించాడు. మే వెళ్ళి అవే కొనుక్కున్నాడు. క్వీన్ పాటల్లో ప్రపంచం గుర్తుపట్టే ఆ గిటారు నాదానికి ఉన్న ఆధారాల్లో ఆ జత ఒకటి. రోరీని తలుచుకునే వాళ్ళలో ఎక్కువమంది ముందు చెప్పేది ఇలాంటి మాటే. స్టేజీ మీద పూనకం వచ్చినట్టు ఊగిపోయేవాడు, దిగాక నెమ్మదిగా, సిగ్గుపడుతూ మాట్లాడేవాడు.

1970 ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో టేస్ట్‌ను జనం దిగనివ్వలేదు, మళ్ళీ మళ్ళీ వాయించమన్నారు. అప్పటికే బృందం లోపల డబ్బు దగ్గర, మేనేజర్ దగ్గర తగాదాలు ముదిరాయి. ఆ ఏడాది గడిచేసరికి టేస్ట్ విడిపోయింది. దాని పాటల మీద రోరీకి రావలసిన డబ్బు ఏళ్ళ తరబడి రాలేదు. ఆ దెబ్బతో వ్యాపారమంతా తమ్ముడు డోనల్ చేతిలో పెట్టాడు. కడదాకా టూర్ మేనేజర్, లెక్కల మనిషి, అన్నను కనిపెట్టుకుని ఉన్నవాడు డోనలే.

1971లో సొంత పేరుతో బయలుదేరిన రోరీ పక్కన బేస్ గిటారు వాయించినవాడు బెల్‌ఫాస్ట్ కుర్రాడు జెరీ మెకవోయ్. ఇద్దరూ ఇరవయ్యేళ్ళు కలిసి తిరిగారు. మొదటి ఏడాదే రెండు స్టూడియో ఆల్బంలు వచ్చాయి. వాటికంటే పెద్ద పేరు తెచ్చింది 1972లో వచ్చిన కచేరీ రికార్డు ‘లైవ్ ఇన్ యూరప్’. ఆ ఏడాదే మెలొడీ మేకర్ పత్రిక పాఠకులు ఎరిక్ క్లాప్టన్‌ను కాదని రోరీని మేటి గిటారిస్టుగా ఎన్నుకున్నారు. 1971 డిసెంబర్‌లో బ్లూస్ దిగ్గజం మడీ వాటర్స్ లండన్ వచ్చి ఆల్బం చేస్తున్నప్పుడు, రోరీ తన కచేరీ ముగించుకుని రాత్రిపూట కారు తోలుకుంటూ స్టూడియోకి వెళ్ళేవాడు. ఏ రేడియోలోనో విని ఆరాధించిన మనిషి పక్కన కూర్చునే అవకాశం వచ్చినా, ముందే టిక్కెట్టు కొన్నవాళ్ళ కచేరీ ఆపలేదు.

అభిమానుల జ్ఞాపకాల్లో అన్నిటికంటే బరువైనది బెల్‌ఫాస్ట్. 1970ల మొదట్లో ఉత్తర ఐర్లండ్ మత, రాజకీయ ఘర్షణల్లో అక్కడ బాంబులు, కాల్పులు నిత్యకృత్యం. బయటి బృందాలు చాలావరకు రావడం మానేశాయి. సాయంత్రమైతే నగరం నడిబొడ్డు నిర్మానుష్యం. రోరీ మాత్రం ఏడాది తిరిగేసరికి అల్‌స్టర్ హాల్లో ప్రత్యక్షమయ్యేవాడు. కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు వేరువేరు వీధుల నుంచి వచ్చి ఒకే కప్పు కింద నిలబడి పాడిన రాత్రులవి. అతను ఏ పక్షమూ మాట్లాడలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. రావడమే అక్కడివాళ్ళకు పెద్ద మాట. సంగీతకారుడైతే ఎవరూ ఏమీ చెయ్యరన్న ధీమా కూడా నిలవలేదు. 1975 జులై 31న మయామీ షోబ్యాండ్ వ్యాన్‌ను దారికాచి ముగ్గురు సభ్యులను చంపేశారు. ఆ తర్వాతా రోరీ ఉత్తర ఐర్లండ్ రావడం మానలేదు.

1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ కచేరీల నుంచి కూర్చిన ‘ఐరిష్ టూర్ 74’ అతని ఆల్బంలలో తలమానికం. లూ మార్టిన్ కీబోర్డు, రాడ్ డెయాత్ డ్రమ్స్, మెకవోయ్ బేస్. టోనీ పామర్ అదే టూర్‌ను సినిమాగా తీశాడు. ఆ దృశ్యాల్లో గిటారును దగ్గరగా చూస్తే రంగు పెచ్చులూడి చెక్క బయటపడుతుంటుంది. టేస్ట్ రోజుల్లో డబ్లిన్‌లో వ్యాన్ నుంచి దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. టీవీలో పోలీసుల కార్యక్రమంలో ప్రకటన వచ్చాక ఓ గుంతలో వానకు తడిసి దొరికింది. మిగతా రంగు స్టేజీ చెమట తినేసింది. ఏళ్ళు గడిచేకొద్దీ పికప్‌లు మారాయి, మీటలు మారాయి, మెడ వంగితే దానికీ విశ్రాంతినిచ్చి మళ్ళీ బిగించారు. మళ్ళీ రంగు వేయించడానికి మాత్రం రోరీ ఒప్పుకోలేదు. కొత్తగా తళతళలాడే గిటారు మీద ఫ్యాక్టరీలోనే గీతలు గీసి, పాతబడినట్టు తయారుచేసి అమ్మే పద్ధతి తర్వాత వచ్చింది. 1990ల చివర ఫెండర్ కంపెనీ రోరీ స్ట్రాటోకాస్టర్‌కు నకళ్ళు చేసినప్పుడు ఆ పెచ్చులన్నీ చూసి చూసి దించాల్సి వచ్చింది.

1974 డిసెంబర్‌లో గిటారిస్టు మిక్ టేలర్ రోలింగ్ స్టోన్స్ నుంచి తప్పుకున్నాడు. మరుసటి నెల రోరీకి రాటర్‌డామ్‌లో ఉన్న ఆ బృందం నుంచి పిలుపొచ్చింది. కొన్ని రాత్రులు వాళ్ళతో వాయించాడు. ఇంతలో జపాన్ టూర్ తేదీలు ముంచుకొచ్చాయి. ఒప్పుకున్న కచేరీలు రద్దు చెయ్యడం ఇష్టంలేక సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాడు, ఆ చోటు చివరికి రానీ వుడ్‌కి దక్కింది. ఉండిపోతే ఏమయ్యేదని అభిమానులు ఇప్పటికీ తెల్లవార్లూ వాదించుకుంటారు. స్టోన్స్‌లో చేరి ఉంటే కోటీశ్వరుడయ్యేవాడు, జనం చూసిన రోరీ మాత్రం మిగిలేవాడు కాదన్న వాళ్ళదే ఎక్కువగా పైచేయి.

ఐర్లండ్ దాటాక అతనికి రెండో ఇల్లు జర్మనీ. 1977 జులైలో ఎస్సెన్ నగరంలోని గ్రూగాహాలే నుంచి రాక్‌పలాస్ట్ అనే జర్మన్ టీవీ కార్యక్రమం మొదటిసారి రాత్రంతా చాలా దేశాల టీవీల్లో ప్రత్యక్షంగా వచ్చింది. దానికి తెరతీసినవాడు రోరీ. మేలుకుని చూసిన పిల్లల్లో ఎందరికో అదే మొదటి రాక్ కచేరీ. బాలిషానన్‌లో నేటికీ జర్మన్ మాట వినిపించడానికి ఆ రాత్రి ఒక కారణం. 1981 సెప్టెంబర్‌లో ఏథెన్స్ ఫుట్‌బాల్ స్టేడియంలో కచేరీకి జనం వెల్లువెత్తారు. బయట పోలీసులతో గొడవ, మంటలు, బాష్పవాయువు. గ్రీసు రాక్ అభిమానులు ఇప్పటికీ చెప్పుకునే రాత్రి అది.

స్టూడియో అతనికి అంత సుఖమివ్వలేదు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆల్బం మొత్తం రికార్డు చేసి, విని, నచ్చక పక్కన పడేశాడు. ఆ టేపులు 2011లో గాని బయటికి రాలేదు. 1982కీ 1987కీ మధ్య కొత్త ఆల్బమే లేదు. ఆ కాలంలో రేడియోను సింథసైజర్లు ఏలుతున్నాయి, గళ్ళ చొక్కా గిటారిస్టు పాతబడ్డాడని పత్రికలు తేల్చేశాయి. హాళ్ళు మాత్రం నిండుతూనే ఉన్నాయి. అతన్ని నిలబెట్టిన ఆ ప్రయాణమే లోపల తినేస్తూ వచ్చింది. విమానమంటే భయం ముదిరింది, డాక్టర్లు రాసిచ్చిన మత్తు మందులు పెరిగాయి, వాటికి మద్యం తోడైంది. 1991లో మెకవోయ్ విడిపోయాడు. 1990ల మొదట్లో చూసినవాళ్ళు రెండు రకాలుగా చెబుతారు. ఒకరాత్రి వేళ్ళు తడబడేవి, మర్నాడు పాత రోరీ తిరిగొచ్చేవాడు. ఈ సంగతి దాచే అభిమానులు తక్కువ. ఇంటికెళ్ళి పడుకోవలసిన మనిషిని మనమే ఇంకో పాట, ఇంకో పాట అంటూ నిలబెట్టామా అన్న బాధ వాళ్ళ మాటల్లో వినబడుతుంది.

చివరి కచేరీ 1995 జనవరి 10న, స్టోన్స్‌తో వాయించిన రాటర్‌డామ్‌లోనే. ఆ వసంతంలో లండన్‌లో కాలేయ మార్పిడి జరిగింది. కోలుకుంటున్నాడనగా ఇన్ఫెక్షన్ సోకి జూన్ 14న చనిపోయాడు. వయసు నలభై ఏడు. పెళ్ళి చేసుకోలేదు. కార్క్‌లో అంతిమయాత్రకు వేలమంది రోడ్లకిరువైపులా నిలబడ్డారు.

తర్వాత గుర్తులు ఒక్కొక్కటే వెలిశాయి. కార్క్‌లో 1997లో ఒక కూడలికి అతని పేరు పెట్టారు, డబ్లిన్ టెంపుల్ బార్‌లో ఒక వీధి మలుపుకు కూడా. 2002లో ఐర్లండ్ తపాలా శాఖ స్టాంపు వేసింది, 2018లో వెండి నాణెం వచ్చింది. బాలిషానన్‌లో 2010లో, బెల్‌ఫాస్ట్ అల్‌స్టర్ హాల్ బయట 2025 జనవరిలో కంచు విగ్రహాలు నిలిచాయి. స్లాష్, జానీ మార్, జో బోనమాసా లాంటి గిటారిస్టులు అతని దగ్గర నేర్చుకున్నామని బాహాటంగా చెబుతారు. అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మాత్రం అతని పేరు ఇంకా చేరలేదు. ఆ కోపమో ఏమో, అభిమానుల్లో ఒక కథ తెగ తిరుగుతుంది. ప్రపంచంలో మేటి గిటారిస్టుగా ఉండటం ఎలా ఉందని అడిగితే, వెళ్ళి రోరీని అడగమని జిమీ హెండ్రిక్స్ అన్నాడట. అలా అన్నట్టు టేపు గాని, అచ్చు గాని ఎక్కడా దొరకలేదు. జాగ్రత్తగా చదివే అభిమానులే ఆ కథను ఖండిస్తుంటారు. రోరీకి అరువు కితాబులు అక్కర్లేదన్నది వాళ్ళ వాదన.

2024లో డోనల్ ఆ స్ట్రాటోకాస్టర్‌ను లండన్‌లో బోనమ్స్ వేలానికి పెట్టాడు. ఏ ధనవంతుడి గదిలోనో అద్దాల పెట్టెలో పడుతుందేమోనని అభిమానులు గగ్గోలు పెట్టారు. చందాలు పోగుచెయ్యడానికి దిగారు, ఐర్లండ్ ప్రభుత్వమే కొనాలని అడిగారు. అక్టోబర్ 17న పాట 7 లక్షల పౌండ్ల దగ్గర ఆగింది, కమీషన్‌తో కలిపి 8,89,400 పౌండ్లు. కొన్నది ఐర్లండ్ కచేరీల నిర్వాహకుడు డెనిస్ డెస్మండ్ సంస్థ. కొన్న వెంటనే దాన్ని ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇస్తున్నట్టు ప్రకటించింది. వేలం జరిగిన ఆ కాలంలోనే బీబీసీ పాత కచేరీల పెట్టె ఒకటి విడుదలైంది. అంతకుముందు 2020లో 1977 నాటి బ్రిటన్ టూర్ నుంచి ‘చెక్ షర్ట్ విజర్డ్’ వచ్చింది. కొత్త స్టూడియో పాటలు రావడం ఆగి ముప్పయ్యేళ్ళు దాటినా అతని పేరుమీద ఆల్బంలు వస్తూనే ఉన్నాయంటే, అవి చాలావరకు ఎప్పుడో ఒక రాత్రి ఏదో ఒక ఊళ్ళో టిక్కెట్టు కొన్నవాళ్ళ ముందు వాయించినవే. వాటిలో చప్పట్లు కొట్టినవాళ్ళలో కొందరు ఇప్పుడు మనవలను వెంటబెట్టుకుని బాలిషానన్ వెళుతున్నారు.