సెయింట్ ఎండా పాఠశాల - పాట్రిక్ పియర్స్ విప్లవ జీవితం: పునఃపరిశీలన

బ్రిటిష్ పాలనపై 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు నాయకుడు, ఐరిష్ కవి పాట్రిక్ పియర్స్ (1879-1916) జీవితాన్ని పరిశీలించినవారిలో చాలామంది ఆయన మరణాన్ని ముందుంచుకొని తక్కిన జీవితాన్ని దానికి అనుగుణంగా వ్యాఖ్యానించారు. ఈ ధోరణికి బలం చేకూర్చినవాడు జెసూట్ పండితుడు ఫ్రాన్సిస్ షా. 1972లో ‘స్టడీస్’ పత్రికలో వెలువడిన వ్యాసంలో ఆయన, పియర్స్ దేశభక్తుని మరణాన్ని క్రీస్తు బలిదానంతో సమానం చేశాడని ఆక్షేపించాడు. ఈ ఆక్షేపణ ప్రధానంగా పియర్స్ చివరి ఏళ్ళ రాజకీయ రచనలను ఆశ్రయించినది కావడంతో, అంతకంటే ఎక్కువ కాలం విద్యారంగంలో ఆయన సాగించిన కృషికి అందులో దక్కవలసిన స్థానం దక్కలేదు.

1896లో ఐరిష్ భాషా పునరుద్ధరణ సంస్థ అయిన గేలిక్ లీగ్‌లో చేరిన పియర్స్, 1903 నుండి 1909 వరకు దాని పత్రికకు సంపాదకత్వం వహిస్తూ, 1905లో బెల్జియం వెళ్ళి అక్కడి ద్విభాషా బోధనను పరిశీలించి వచ్చాడు. ఆ అనుభవంతో 1908 సెప్టెంబరులో డబ్లిన్‌లోని కల్లెన్స్‌వుడ్ భవనంలో సెయింట్ ఎండా పాఠశాలను స్థాపించి, 1910లో దానిని రాత్‌ఫార్నమ్‌కు తరలించాడు. 1878 నాటి చట్టం ప్రకారం మాధ్యమిక పాఠశాలలకు పరీక్షాఫలితాలను బట్టి ప్రభుత్వ సొమ్ము ముట్టేది. బట్టీ చదువును పెంచిన ఈ ఏర్పాటును ‘ది మర్డర్ మెషిన్’ అనే పుస్తికలో ఆయన మనుషుల్ని చంపే యంత్రంగా చిత్రించాడు. సెయింట్ ఎండాలో ఐరిష్, ఇంగ్లీషు రెండింటా పాఠాలు నడిచేవి, పిల్లలు తమ నాయకుణ్ణి తామే ఎన్నుకొనేవారు, పురాణవీరుడు కుహులిన్ వారికి నిత్యం కళ్ళెదుట ఉండే ఆదర్శం. 1913 మేలో ఈ పాఠశాల సహాయార్థం అబీ థియేటర్‌లో పియర్స్ నాటకంతోపాటు రవీంద్రుని ‘పోస్టాఫీసు’ను కూడా ప్రదర్శించడం, సొంత బడులు పెట్టిన ఈ ఇద్దరు కవుల మధ్య ఉన్న భావసామ్యానికి సాక్ష్యం.

పియర్స్ విప్లవానికి మూలం ఈ పాఠశాలే అనడానికి అన్నిటికంటే బలమైన ఆధారం ఆ బడిలో పనిచేసినవారి జీవితాలే. పియర్స్‌కు సహాయకుడుగా బోధించిన కవి థామస్ మక్‌డొనా, చిత్రకళ నేర్పిన తమ్ముడు విలీ, కవాతు నేర్పిన కాన్ కోల్బర్ట్ ముగ్గురూ తిరుగుబాటులో పాల్గొని మరణశిక్షకు గురయ్యారు. విద్యార్థి డెస్మండ్ ర్యాన్ జనరల్ పోస్టాఫీసులో గురువు పక్షాన నిలిచి, ఆ చరిత్రను తరువాత గ్రంథస్థం చేశాడు. ఒకే బడి నుండి ఇందరు రావడాన్ని యాదృచ్ఛికమనడం సాధ్యం కాదు. స్వయంపాలన, స్వభాష, పూర్వవీరుల స్మృతి అనే మూడింటినీ తరగతి గదిలో అమలుచేసిన పియర్స్, 1916 ఏప్రిల్ 24న పోస్టాఫీసు ముందు రిపబ్లిక్ ప్రకటన చదివినప్పుడు కొత్త సిద్ధాంతమేదీ చెప్పలేదు. ఐరిష్ రిపబ్లిక్ రాత్‌ఫార్నమ్‌లో అప్పటికే పుట్టి ఉన్నది.

రక్తపాతాన్ని కీర్తించిన వాక్యాలు ఆయన రచనల్లో ఉన్నమాట నిజమే గాని, అవి ఆ కాలపు యూరపు యుద్ధోన్మాదంలో భాగం.

పియర్స్‌ను మే 3న, విలీని మరునాడు కిల్మైన్‌హామ్ జైలులో కాల్చి చంపారు. తిరుగుబాటు తరువాత తిరిగి తెరిచిన బడి 1935 వరకు నడిచింది. దాని చరిత్రను పక్కన పెట్టి పియర్స్‌పై షా ఇచ్చిన తీర్పు నిలవదగినది కాదు.