మురుగునీటి ద్వారా వ్యాధి నిఘా

ఒక ఊరి మురుగునీటిలో రోగక్రిముల ఆనవాళ్లను వెతికి, అక్కడ ఏ జబ్బు ఎంతమేర పాకిందో అంచనా వేసే పద్ధతి ఇది. 2020లో కోవిడ్ మహమ్మారి విరుచుకుపడ్డాక అనేక దేశాల్లో విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని చేపట్టడంతో పత్రికలకెక్కింది. అప్పటికి ఎనభై ఏళ్ల ముందు నుంచే ఉన్నా, పోలియో, టైఫాయిడ్ నిపుణులు తప్ప దీని గురించి మాట్లాడినవారు తక్కువ.

పద్ధతి వెనుక ఉన్న ఆలోచన తేలికైనదే. కోవిడ్, పోలియో వంటి జబ్బులు సోకినవారిలో చాలామంది మలంలో వైరస్ లేదా దాని జన్యుశకలాలు బయటపడతాయి. మనిషి ఆస్పత్రికి వెళ్లకపోవచ్చు, పరీక్ష చేయించుకోకపోవచ్చు, తనకు జబ్బు ఉన్నట్టే తెలియకపోవచ్చు. మరుగుదొడ్డికి మాత్రం వెళ్లక తప్పదు. వేలమంది ఇళ్ల నుంచి వచ్చిన నీరు మురుగుశుద్ధి కేంద్రం దగ్గర ఒకచోట కలుస్తుంది కాబట్టి, అక్కడ ఒక్క సీసా నీళ్లు పట్టి పరీక్షిస్తే ఆ వేలమందినీ కలిపి పరీక్షించినట్టే. ఎవరికి జబ్బు ఉందో తెలియదు, ఊళ్లో ఉందో లేదో తెలుస్తుంది.

కోవిడ్‌కు ముందు

1939లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ పాల్, జేమ్స్ ట్రాస్క్ బృందం, దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో పోలియో పాకుతున్న రోజుల్లో అక్కడి మురుగునీటిని తెచ్చి కోతులకు ఎక్కించింది. కోతులకు పోలియో వచ్చింది. నీటిలో వైరస్ ఉందని తేల్చడానికి అప్పట్లో అంతకన్నా మంచి సాధనం లేదు. ఒక్కో నమూనాకు ఒక్కో కోతి, ఆపైన వారాల నిరీక్షణ. అలాంటి పరీక్షను ఊరూరా చేయడం అయ్యే పని కాదు.

బ్యాక్టీరియా విషయంలో పని కొంత సులువు. 1948లో ఇంగ్లండ్‌లో మూర్ అనే నిపుణుడు పారాటైఫాయిడ్ క్రిమిని మోస్తున్నవారిని పట్టుకోవడానికి ఒక ఉపాయం పన్నాడు. గాజుగుడ్డను మడతలు పెట్టి, కట్టి, మురుగు కాలువలో వేలాడదీసేవాడు. కొద్దిరోజులకు తీసి అందులో చిక్కిన క్రిములను పెంచి చూసేవాడు. క్రిమి కనబడిన కాలువకు ఎగువన ఉన్న శాఖల్లో మళ్లీ గుడ్డలు కట్టేవాడు. అలా శాఖ వెంట శాఖ పట్టుకుని పైకి పోతే చివరికి ఒక వీధి, ఆ వీధిలో ఒక ఇల్లు తేలేవి. మూర్ స్వాబ్ అని పేరుపడిన ఈ గుడ్డ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఖరీదైన యంత్రాలు లేనిచోట దీనికి సాటి వచ్చేది తక్కువ.

పోలియో నిర్మూలన ఉద్యమం ఈ విద్యకు మళ్లీ ప్రాణం పోసింది. భారతదేశంలో 2001లో ముంబైలో మురుగునీటి నమూనాలు తీయడం మొదలైంది, తర్వాత ఇతర నగరాలకు విస్తరించింది. 2013లో ఇజ్రాయెల్‌లోని రహత్ పట్టణ మురుగులో పోలియో వైరస్ బయటపడింది. అప్పటికి దేశంలో ఒక్క బిడ్డకూ పక్షవాతం రాలేదు. అయినా ప్రభుత్వం ఆగస్టులో దేశమంతటా పిల్లలకు చుక్కల మందు వేయించింది. 2016లో హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన రెండో రకం పోలియో వైరస్ కనిపించడంతో, తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో పిల్లలకు ప్రత్యేకంగా ఇంజెక్షన్ టీకాలు వేయించింది. అంటే కోవిడ్ వచ్చే నాటికే హైదరాబాద్ ఈ పరీక్షకు కొత్త కాదు.

2020: తొలి నెలలు

నెదర్లాండ్స్‌లో తొలి కోవిడ్ కేసు 2020 ఫిబ్రవరి 27న నమోదైంది. కేడబ్ల్యూఆర్ జల పరిశోధన సంస్థలో పనిచేస్తూ డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగానూ ఉన్న గెర్ట్‌యాన్ మెడెమా బృందం అంతకు మూడు వారాల ముందే నగరాల మురుగును పట్టడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి మొదట్లో తీసిన నమూనాల్లో ఏమీ దొరకలేదు. మార్చి 5 నాటి నమూనాల్లో పలుచోట్ల కరోనా జన్యుశకలం దొరికింది. అమెర్స్‌ఫోర్ట్ పట్టణంలోనైతే అక్కడ తొలి కేసు నమోదు కావడానికి ఆరు రోజుల ముందే దొరికింది.

ఈ ఫలితం వెలువడ్డాక ఆస్ట్రేలియా, అమెరికా, ఐరోపా విశ్వవిద్యాలయాల్లో పర్యావరణ ఇంజినీరింగ్ విభాగాలు ఒక్కసారిగా ఈ పనిలోకి దిగాయి. మనదేశంలో గాంధీనగర్ ఐఐటీకి చెందిన మనీశ్ కుమార్ బృందం 2020 మే నెలలో తీసిన అహ్మదాబాద్ మురుగు నమూనాల్లో వైరస్ జన్యుపదార్థాన్ని గుర్తించింది. దేశంలో ఇదే తొలి నిర్ధారణ. ఎక్కడెక్కడ ఎవరు పరీక్షిస్తున్నారో చూపే పటాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు మెర్సెడ్ ప్రాంగణంలో కాలీన్ నాటన్ బృందం తయారుచేసింది. దానికి వారు పెట్టిన పేరు కోవిడ్‌పూప్స్19. ఆంగ్లంలో పూప్ అంటే మలం; మొహమాటం లేని పేరు.

సీసా నుంచి సంఖ్య వరకు

శుద్ధి కేంద్రంలోకి మురుగు వచ్చే ముఖద్వారం దగ్గర ఒక పంపు యంత్రం పెడతారు. అది 24 గంటలపాటు కొద్దికొద్దిగా నీళ్లు తోడి ఒక సీసాలో పోస్తుంది. ఉదయం ఏడింటి మురుగు వేరు, మధ్యాహ్నం రెండింటిది వేరు కాబట్టి ఒక్క చెంబు ముంచి తెస్తే సరిపోదు. సీసాను ఐసులో పెట్టి ప్రయోగశాలకు చేరుస్తారు. చాలాచోట్ల ముందుగా వేడిచేసి క్రిములను చంపుతారు. తర్వాత చెత్తను వడగట్టి, నీటిలో పలచగా ఉన్న వైరస్‌ను చిక్కబరచాలి. పనంతటిలో విసిగించేది ఇదే. చిక్కబడ్డ ద్రవం నుంచి ఆర్‌ఎన్‌ఏ వేరుచేసి, ముక్కులో పుల్ల పెట్టి తీసిన నమూనాకు చేసినట్టే ఆర్‌టీపీసీఆర్ చేస్తారు.

వచ్చిన సంఖ్యను అలాగే తీసుకుంటే మోసపోతాం. వాన పడితే మురుగు పలచనవుతుంది, పండుగ సెలవులకు జనం ఊళ్లకు పోతే మలమే తగ్గుతుంది. అందుకని నమూనాలో మనుషుల మలం ఎంత ఉందో కొలవడానికి ఒక కొలబద్ద కావాలి. పరిశోధకులు ఎంచుకున్న కొలబద్దల్లో ప్రసిద్ధమైనది మిరప జాతి మొక్కలకు తెగులు తెచ్చే పెప్పర్ మైల్డ్ మోటల్ వైరస్. మిరపకాయలు, కారం, సాసుల ద్వారా అది మన కడుపులోకి వెళ్లి, మనకు ఏ హానీ చేయకుండా, చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. మనిషి మలంలో అత్యధికంగా ఉండే ఆర్‌ఎన్‌ఏ వైరస్ ఇదేనని 2006లో శాన్ డియెగో, సింగపూర్ పరిశోధకులు చూపారు. కరోనా శకలాల సంఖ్యను ఈ మిరప వైరస్ సంఖ్యతో భాగిస్తే వానల ప్రభావం చాలావరకు తొలగిపోతుంది. గుంటూరు మిర్చి తినే జనానికి ఈ కొలబద్ద బాగానే పనిచేయాలి మరి.

ఎంత ముందు?

ఈ నిఘా గురించి తరచూ వినబడిన మాట: కేసులు బయటపడటానికి వారం ముందే మురుగు హెచ్చరిస్తుంది. దీనికి మూలమైన అధ్యయనాల్లో యేల్ విశ్వవిద్యాలయపు జోర్డన్ పెచ్చియా బృందానిది ఒకటి. సుమారు రెండు లక్షల జనాభాకు సేవ చేసే న్యూహేవెన్ శుద్ధి కేంద్రంలో అడుగున పేరుకున్న బురదను వారు 2020 మార్చి 19 నుంచి జూన్ 1 వరకు రోజూ పరీక్షించారు. తొలి ముసాయిదాలో వారం ముందస్తు అన్నారు. సెప్టెంబరులో అచ్చయిన వ్యాసంలో లెక్క విడమరిచారు. పరీక్ష ఫలితం ప్రకటించిన తేదీతో పోలిస్తే మురుగు ఆరు నుంచి ఎనిమిది రోజులు ముందుంది. అదే రోగి నుంచి నమూనా తీసిన తేదీతో పోలిస్తే సున్నా నుంచి రెండు రోజులు. ఆస్పత్రి చేరికలకైతే ఒకటి నుంచి నాలుగు రోజులు. ముందస్తులో ఎక్కువ భాగం మురుగు గొప్పతనం కాదు, ఫలితాలు ఇవ్వడంలో జరిగిన జాప్యమే. పరీక్షలు చకచకా జరిగే చోట ఈ నిఘా వల్ల కలిసివచ్చే కాలం కొద్దిగానే ఉంటుంది. పరీక్షా కేంద్రం ముఖమే చూడని బస్తీలకు దీని విలువ వేరు. ఈ తేడాను మరిచి రాసిన వార్తలు అప్పట్లో చాలానే వచ్చాయి.

హాస్టళ్ల మురుగు

నగరమంత పెద్ద నమూనాతో హెచ్చరిక వస్తుందేగానీ చర్యకు ఆధారం దొరకడం కష్టం. ఒక్క భవనం పైపును పట్టుకుంటే సంగతి వేరు. అరిజోనా విశ్వవిద్యాలయంలో ఇయాన్ పెపర్ బృందం 2020 ఆగస్టులో తరగతులు మొదలైన వారంలోనే లికిన్స్ హాల్ అనే హాస్టల్ మురుగులో వైరస్‌ను గుర్తించింది. అక్కడ ఉంటున్న, పనిచేస్తున్న 311 మందికీ పరీక్షలు చేస్తే ఇద్దరికి పాజిటివ్ వచ్చింది. ఇద్దరికీ ఏ లక్షణాలూ లేవు. వారిని వేరుగా ఉంచడంతో హాస్టల్ మొత్తానికి అంటుకోకుండా ఆగింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియెగో ప్రాంగణం ఇదే పనిని పెద్దఎత్తున చేసింది. రాబ్ నైట్ ప్రయోగశాలలో స్మృతి కార్తికేయన్ తదితరులు వైరస్‌ను చిక్కబరిచే దశను అయస్కాంత పూసలకు, రోబోలకు అప్పగించారు. పాజిటివ్ వచ్చిన భవనంలోని వారికి పరీక్ష చేయించుకోమని సందేశాలు యాంత్రికంగానే వెళ్లేవి. ప్రాంగణంలో దాదాపు 85 శాతం కేసులను ఇలా ముందుగా పసిగట్టామని వారు ప్రకటించారు. ఆ తర్వాతి మెట్టు వైరస్ జన్యుక్రమాన్ని చదవడం. ఒక్క సీసాలో వందలమంది వైరస్‌లు కలగలిసి ఉంటాయి కదా, వాటిని రకాల వారీగా విడదీసి లెక్కగట్టే ఫ్రేయా అనే సాఫ్ట్‌వేర్‌ను స్క్రిప్స్ పరిశోధన సంస్థతో కలిసి తయారుచేశారు. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన వారి వ్యాసం ప్రకారం, కొత్త వేరియంట్లు రోగుల నమూనాల్లో కనబడటానికి గరిష్ఠంగా 14 రోజుల ముందే మురుగులో కనిపించాయి.

హైదరాబాద్ లెక్క

విశ్వవిద్యాలయాలు కాకపోయినా హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థలు ఈ చరిత్రలో చోటు సంపాదించుకున్నాయి. 2020 ఆగస్టులో ఆ సంస్థలకు చెందిన రాకేశ్ మిశ్రా, ఎస్. వెంకటమోహన్‌ల బృందం నగరంలోని 80 శాతం మురుగుశుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, ఆ నీటిలోకి వైరస్‌ను విడుస్తున్నవారు సుమారు రెండు లక్షలని తేల్చింది. అప్పట్లో హైదరాబాద్ రోజుకు వాడిన 180 కోట్ల లీటర్ల నీటిలో శుద్ధి కేంద్రాలకు చేరింది 40 శాతమే. మిగతా దాన్నీ లెక్కలోకి తీసుకుని, నెల రోజులకు పైబడిన వ్యవధిలో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి, అంటే జనాభాలో 6.6 శాతానికి, వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. అప్పటికి తెలంగాణ మొత్తంలో అధికారికంగా నమోదైన కేసులు లక్ష దరిదాపుల్లో ఉన్నాయి.

ఆ 40 శాతం అన్న అంకె దగ్గర కాస్త ఆగాలి. పాశ్చాత్య నగరాల్లో దాదాపు ప్రతి ఇంటి మురుగూ పైపులో పడి శుద్ధి కేంద్రానికి చేరుతుంది. మన నగరాల్లో కొంత నాలాల్లోకి, కొంత సెప్టిక్ ట్యాంకుల్లోకి, కొంత చెరువుల్లోకి పోతుంది. పరీక్ష కేంద్రానికి రాని మనిషిని కూడా లెక్కలోకి తెచ్చే ఈ పద్ధతి, డ్రైనేజీ లేని బస్తీని మాత్రం వదిలేస్తుంది. నిఘా అవసరం ఎక్కువగా ఉండేది అక్కడే. హైదరాబాద్ శాస్త్రవేత్తలు తర్వాత చెరువులనే పరీక్షించారు. హుస్సేన్‌సాగర్, నాచారం పెద్దచెరువుల్లో కరోనా జన్యుపదార్థం దొరికింది. ఏదులాబాద్ వంటి పల్లె చెరువుల్లో దొరకలేదు. దొరికినవి జన్యుశకలాలే, జబ్బు అంటించే వైరస్ కాదు.

ఒక్క మనిషి దాకా

మూర్ గాజుగుడ్డలు కట్టి చేసిన అన్వేషణను 2022లో మిస్సోరి విశ్వవిద్యాలయపు మార్క్ జాన్సన్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు డేవ్ ఒకానర్ బృందాలు జన్యుక్రమంతో చేశాయి. విస్కాన్సిన్‌లోని ఒక నగర మురుగులో ఏ రోగిలోనూ కనబడని విచిత్రమైన కరోనా వంశం ఒకటి తగిలింది. మ్యాన్‌హోల్ తర్వాత మ్యాన్‌హోల్ పట్టుకుని వెళితే, సుమారు 30 మంది పనిచేసే ఒక సంస్థ మరుగుదొడ్ల దగ్గర అన్వేషణ ముగిసింది. వారిలో ఒకరి పేగుల్లో వైరస్ నెలల తరబడి తిష్ఠ వేసి మారుతూ వచ్చి ఉంటుందని నిర్ధారణకు వచ్చారు. ఆ ఒక్కరు ఎవరో తేలలేదు. నగరం పేరును, సంస్థ పేరును పరిశోధకులు బయటపెట్టలేదు. వ్యక్తుల పేర్లు అక్కర్లేని నిఘాగా మొదలైనది ఇంత దగ్గరకు రావడంతో, ఎక్కడ ఆగాలన్న చర్చ మొదలైంది.

కోవిడ్ తర్వాత

2022లో లండన్ మురుగులో పోలియో వైరస్ పదేపదే కనబడటంతో నగరంలో ఏడాది నుంచి తొమ్మిదేళ్ల వయసు పిల్లలకు అదనపు టీకా వేశారు. 2024లో అమెరికాలో పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ సోకినప్పుడు టెక్సాస్ విశ్వవిద్యాలయాల పరిశోధకులకు పలు నగరాల మురుగులో ఆ వైరస్ దొరికింది. అయితే అది మనుషుల నుంచి వచ్చిందా, పక్షుల రెట్టల నుంచి వచ్చిందా, డ్రైనేజీలో పారబోసిన పాల నుంచి వచ్చిందా అన్నది సీసాలోని నీళ్లను బట్టి చెప్పడం కుదరలేదు.