చుట్టబట్ట నుంచి కోస్టర్ దాకా

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయికి ఏమీ తోచక, నాకేమో బీరువా సర్దక తప్పక, ఇద్దరం కలిసి ఓ పని మొదలుపెట్టాం. బీరువా అడుగున మా అత్తగారి నూలు చీరలు నాలుగున్నాయి. కట్టుకునేలా లేవు, పారేయడానికి మనసొప్పదు. వాటిని పేలికలుగా చింపి, తాడుకి చుట్టి, ఆ తాడుని గుండ్రంగా తిప్పుకుంటూ మిషన్ మీద కుట్టేస్తే కాఫీ కప్పుల కింద పెట్టుకునే కోస్టర్లు అవుతాయి. కాస్త పెద్దవి చేస్తే వేడి గిన్నెల కిందకి పనికొస్తాయి. మా కొండాపూర్ అపార్ట్‌మెంట్లో ఇవి లేని డైనింగ్ టేబుల్ ఈ మధ్య కనబడటం లేదు. మా టేబుల్ మీదా ఉండాలని మా అమ్మాయి పట్టుబట్టింది.

చేసే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. పేలిక అంగుళం వెడల్పుంటే చాలు. తాడు ఆరు మిల్లీమీటర్ల లావుది తీసుకోవాలి. తాడుకి పేలికని ఏటవాలుగా, సందు లేకుండా చుట్టుకుంటూ పోవాలి. మొదట్లో రెండు మూడు చుట్లు గట్టిగా తిప్పి, మధ్యలో అడ్డంగా, నిలువుగా కుట్టేస్తే అది విడిపోదు. ఆ తర్వాత జిగ్‌జాగ్ కుట్టు వేయాలి. సూది ఒకసారి ఈ తాడులో, ఒకసారి పక్క తాడులో దిగాలన్నమాట. మామూలు నల్ల మిషన్‌లో జిగ్‌జాగ్ ఉండదు కాబట్టి, అదే ఉన్నవాళ్లు దబ్బనంతో చేత్తో కుట్టుకోవచ్చు. కుట్టేటప్పుడు చుట్ట బల్లకి ఆనుకునే ఉండాలి. ఒక పక్కకి ఎత్తి పట్టుకున్నారా, అది గిన్నెలా లేస్తుంది. పది సెంటీమీటర్ల కోస్టర్‌కి మీటరుంపావు తాడు పడుతుంది. ఇరవై సెంటీమీటర్లది చేయాలంటే రెట్టింపు చాలదు, నాలుగు రెట్లు కావాలి. మొదటిసారి నాకీ లెక్క తెలియక సగంలో తాడు అయిపోయింది.

ఇంకో పొరపాటూ చేశాను. తెల్లగా మెరుస్తోందని ఒక తాడు తెచ్చాను. నూలుదే అని కొట్టువాడన్నాడు, నేనూ నమ్మాను. వడియాలు వేయించిన మూకుడు దించి పెట్టగానే కమురు వాసన వచ్చింది. ఎత్తి చూస్తే లోపలి తాడు కరిగి చీర పేలికతో సహా మూకుడుకి అతుక్కుపోయింది, టేబుల్ మీద గుండ్రటి మచ్చ పడింది. అది ప్లాస్టిక్ నారతో చేసిన తాడు. నూలు మాడుతుంది గానీ కరగదు. అందుకే తాడు కొనగానే చిన్న ముక్క కోసి, సింకులో పెట్టి అగ్గిపుల్లతో అంటించి చూడండి. కాగితంలా కాలి బూడిదైతే నూలు. కుంచించుకుపోయి గట్టి ఉండ కడితే వేడి గిన్నెల కింద పెట్టకండి.

రెండో విడత సరిగ్గా వచ్చాయి. ఆరు కోస్టర్లు, రెండు పెద్ద చుట్టలు చేసి టేబుల్ మీద వరసగా పెట్టుకుని మురిసిపోతుంటే మా ఇంట్లో పనిచేసే ఆవిడ వచ్చింది. ఆవిడది పాలమూరు వైపు ఊరు. వయసులో నాకంటే పదేళ్లు పెద్దది. చేతిలో చీపురు పక్కన పెట్టి, ఒక చుట్ట తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేంది మేడం? సుట్టబట్టను మిషన్ మీద కుట్టిండ్రా?" అంది.

అని, నవ్వుతూ దాన్ని నెత్తిన పెట్టుకుంది.

నాకు ఒక్కసారి మా అమ్మమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. మా గోదావరి వైపు దాన్ని కుదురు అంటాం, చుట్టకుదురు అని కూడా అంటాం. ఎండుగడ్డిని తాడులా పేని, ఉంగరంలా చుట్టి కట్టేవాళ్లు. పాలకుండ కింద ఒకటి, నీళ్ల బిందె కింద ఒకటి, మజ్జిగ చిలికే కుండ కింద ఒకటి ఉండేవి. కవ్వం తిరుగుతున్నా కుండ కదలకుండా ఉండేది ఆ కుదురు వల్లే. నెత్తిన బిందె పెట్టుకోవడానికైతే పాత చీర ముక్కే చుట్ట. ఇన్నాళ్లూ ఏదో కొత్త విద్య నేర్చుకున్నానని అనుకున్నాను. ఆవిడ ఒక్క మాటతో అది మన వంటింటి పాత వస్తువేనని తేలిపోయింది.

అసలు కుదురు ఎందుకు వచ్చిందో ఆలోచించారా? మన పాత కుండలకి అడుగు గుండ్రంగా ఉంటుంది. కుమ్మరి లోపల రాయి ఆనించి, పైన చెక్కతో కొట్టి పెంచిన కుండ సహజంగానే గుండ్రంగా వస్తుంది. మూల ఉన్న మట్టిపాత్ర మంట మీద ఆ మూల దగ్గర పగిలే ప్రమాదం ఎక్కువ. గుండ్రటి అడుగుకైతే వేడి అంతటా సమంగా సర్దుకుంటుంది. మూడు రాళ్ల పొయ్యి మీద చక్కగా కూర్చుంటుంది, చంకన పెట్టుకోవడానికీ వీలుగా ఉంటుంది. దాంతో వచ్చే ఇబ్బంది ఒక్కటే, నేల మీద పెడితే దొర్లుతుంది. ఆ దొర్లే కుండని నిలబెట్టేదే కుదురు.

ఇది ఎంత పాతదో తెలుసుకోవడానికి నేను ఎక్కడికో వెళ్లనక్కర్లేకపోయింది. మా ఇంటికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనే ఇనుప యుగం నాటి పెద్ద రాళ్ల సమాధులు బయటపడ్డాయి. అక్కడి చరిత్ర శాఖ ఆచార్యులు కె.పి. రావు గారు వాటిని తవ్వి పరిశోధించారు. బోయినపల్లి దగ్గర హష్మత్‌పేటలోనూ అలాంటి సమాధులు ఉన్నాయి. మన పల్లెల్లో వీటిని రాకాసి గుళ్లంటారు. దక్షిణాదిలో ఇలాంటి సమాధుల్లో చనిపోయినవాళ్లతో పాటు పెట్టిన నలుపు, ఎరుపు రంగుల కుండలు దొరుకుతాయి. చాలావాటికి అడుగు గుండ్రమే. వాటితో పాటే మట్టితో చేసి కాల్చిన కుదుళ్లు కూడా దొరుకుతాయి. మూడు వేల ఏళ్ల కిందట కూడా పోయినవాళ్ల కోసం కుండ పెడుతూ, అది ఒరిగిపోకుండా కింద కుదురు పెట్టాలని ఎవరికో గుర్తుంది. మట్టివి కాబట్టి అవి మిగిలాయి. గడ్డితో, బట్టతో చేసినవి పనికి రాకుండా పోయాక పొయ్యిలోకే వెళ్లి ఉంటాయి. మా అమ్మమ్మ కుదుళ్లూ అలాగే పోయాయి. ఆడవాళ్ల చేతిపని చాలామటుకు మ్యూజియం దాకా చేరకపోవడానికి కారణం ఇదే అనిపిస్తుంది. అరిగిపోయేదాకా వాడతాం, ఆనక తగలేస్తాం.

కుదురు చేయడానికి ఊరికొక సరుకు. వరి పండే చోట గడ్డి, కోనసీమలో కొబ్బరి పీచు, ఉత్తరాంధ్రలో గోగునార. ఈ గోగునార మనం పచ్చడి చేసుకునే గోంగూర జాతి మొక్కదే. భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతయ్యేది కాబట్టి తెల్లవాళ్ల వ్యాపారంలో దానికి 'బిమ్లిపటం జ్యూట్' అని పేరు పడింది. ఆకు కంచంలోకి, నార తాడులోకి! తెలుగు నేలలో ఏదీ వృథా పోలేదు.

మరి మన వంటిళ్లలో కుదురు ఎప్పుడు మాయమైంది? ఒక్క రోజులో కాదు. హైదరాబాద్ నగరానికి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. కుళాయి వచ్చిన ఇంట్లో నెత్తిన బిందె దిగింది. ప్రెషర్ కుక్కర్లు మన దేశంలో 1959లో తయారవడం మొదలైంది. గ్యాస్ పొయ్యి వచ్చింది, స్టీలు గిన్నెలు వచ్చాయి. వీటన్నిటికీ అడుగు చదునే, కాబట్టి కుదురుతో పని లేదు. నేల మీద వంట పోయి నిలబడి వంట వచ్చింది, పీటలు పోయి డైనింగ్ టేబుల్ వచ్చింది. ఇప్పుడు కాపాడాల్సింది గిన్నెని కాదు, టేబుల్ పాలిష్‌ని. ఆ పనికే పాత కుదురు నడుమ చిల్లు పూడ్చుకుని, కొత్త పేరు పెట్టుకుని వచ్చింది.

నేను ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఇది వంటింటి కథగానే ముగిసేది. కానీ ఆవిడ నెత్తిన చుట్ట పెట్టుకుని ఒక్క క్షణం నిలబడి, "నిలువది" అని తీసేసింది. ఎందుకు నిలవదని అడిగాను.

"నడుమ సందు ఉండాలె మేడం. గప్పుడే తట్ట కూసుంటది. గిట్ల సదునుగుంటే బరువంత నడినెత్తిన వడుతది" అంది.

అలా మాటల్లో తెలిసింది. పెళ్లైన కొత్తలో మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇక్కడికే కూలికి వచ్చారట. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో లేస్తున్న బిల్డింగుల్లో ఆయన మేస్త్రీ కింద పని, ఈవిడ కాంక్రీటు తట్టలు మోయడం. అంతస్తు లేచినకొద్దీ మెట్లు పెరిగేవి. చుట్టబట్ట కోసం తన పాత చీరలోంచే ముక్క చింపుకునేదట. "సూడుండ్రి" అని తల వంచింది. నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర జుట్టు పల్చబడి ఉంది. ఐదేళ్లుగా మా ఇంట్లో పని చేస్తోంది, నేను ఎప్పుడూ చూడలేదు.

మన సైబరాబాద్ చరిత్ర చెప్పేటప్పుడు సాధారణంగా 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించడంతో మొదలుపెడతాం. అది నిజమే. కానీ ఆ తర్వాత ఇక్కడ లేచిన ఒక్కో అంతస్తు వెనుకా కొన్ని వేల తట్టలు ఉన్నాయి, ఆ తట్టల కింద చుట్టబట్టలున్నాయి. పాలమూరు కూలీలకి ఇది కొత్త కాదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా వాళ్ల పేరు వినబడేది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్టని ఎక్కువగా మనుషుల చేతులతోనే కట్టారు. ఆ కాలపు ఫొటోల్లో పరంజాల మీద చీమల బారుల్లా ఎక్కుతున్న జనాన్ని చూడండి. తలల మీద బరువు కనబడుతుంది. బరువు కింది గుడ్డ కనబడదు.

1992లో మాదాపూర్‌లో పెట్టిన శిల్పారామం మీరూ చూసే ఉంటారు. అందులో పల్లె బతుకు చూపించే మ్యూజియం ఉంది, మా అమ్మాయిని రెండు మూడుసార్లు తీసుకెళ్లాను. పాత వస్తువులు అక్కడ ఉంటాయని పిల్లలకి చూపిస్తాం. ఇంటి బయట, రోడ్డవతల కడుతున్న టవర్ దగ్గర అదే వస్తువు ఇంకా నెత్తిన ఎక్కి పని చేస్తోంది. అది మాత్రం చూపించం. మోసే లిఫ్టులు, మెషిన్లు వచ్చినా తట్ట ఇంకా పూర్తిగా దిగలేదు.

అపార్ట్‌మెంట్లో దసరాకి స్టాల్ పెడితే నా కోస్టర్లు ఆరింటి సెట్టు నాలుగు వందల యాభైకి అమ్ముడైంది. "చేతిపని కదండీ" అని ఒకావిడ బేరమాడకుండా తీసుకుంది. సంతోషించాను, అబద్ధం ఎందుకు. కానీ ఇంటికొచ్చి డబ్బులు లెక్కపెడుతుంటే, చేతిపనికి విలువ పెరగడానికి అది టేబుల్ ఎక్కాలా, నెత్తిన ఉన్నంతకాలం గుడ్డపేలికేనా అనిపించింది. ఆ నెల నుంచి ఆవిడ జీతం పెంచాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఐదేళ్లలో రెండుసార్లే పెంచానన్న సంగతి లెక్క చూసుకుంటేనే తెలిసింది, మీరూ ఒకసారి చూసుకుంటారని రాస్తున్నాను.

చివరిగా ఒక మాట. ఈ వేసవికి మట్టికుండ కొన్నాం. అడుగు గుండ్రటిదే. దాని కిందకి నడుమ సందు ఉంచి కుదురు కుడదామని మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాను. ఆవిడ చూసి, దానికి మిషన్ ఎందుకంది. మా అత్తగారి చీరలో మిగిలిన పొడుగు ముక్క తీసుకుని, మెలిపెట్టి, అరచేతి చుట్టూ నాలుగు చుట్లు తిప్పి, కొసని లోపలికి దోపింది. ఒక్క కుట్టు లేదు. నేల మీద పెట్టి, కుండని దాని మీద అటూ ఇటూ ఒకసారి తిప్పి వదిలింది. మా అమ్మాయి వేలితో తోసి చూసింది, కదలలేదు.

"దీన్ని ఏమంటారమ్మా?" అంది.

"కుదురు" అన్నాను నేను.

"సుట్టబట్ట" అంది ఆవిడ.

రెండూ రాసుకోమన్నాను.