ఉచిత యాంటీ స్పైవేర్‌లో నిరంతర కావలి

కంప్యూటర్‌లో చాటుగా చేరి, యజమానికి తెలియకుండా అతని వివరాలను బయటికి చేరవేసే ప్రోగ్రామే స్పైవేర్. దాన్ని పట్టే సాఫ్ట్‌వేర్‌కు రెండు పనులుంటాయి. ఒకటి, స్కాన్ బటన్ నొక్కినప్పుడు డిస్కంతా వెతకడం. రెండోది, కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ తెరుచుకునే ఫైళ్లను అక్కడికక్కడే తనిఖీ చేయడం. ఈ రెండోదాని పేరే రియల్ టైమ్ ప్రొటెక్షన్. మొదటిదొక్కటే ఉంటే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. ఉచిత సాఫ్ట్‌వేర్లలో చాలా ఏళ్లు నడిచింది అదే. చీపురు ఊరికే ఇచ్చేవారు, కావలివాడికి మాత్రం జీతం అడిగేవారు.

పెనుగొండ లాంటి ఊళ్లో జిరాక్స్ షాపు కంప్యూటర్‌ను చూస్తే ఆ తేడా తెలుస్తుంది. హాల్‌టికెట్లని, ఆధార్ కాపీలని, శుభలేఖలని రోజంతా ఎవరెవరి పెన్‌డ్రైవులో దానికి తగులుతుంటాయి. రాత్రి షటర్ దించేముందు స్కాన్ చేసే అలవాటున్నా, పొద్దున వచ్చిన మాల్‌వేర్, అంటే హానికర ప్రోగ్రాము, సాయంత్రానికి ఎన్ని పెన్‌డ్రైవులెక్కి వెళ్లిపోతుందో లెక్కుండదు.

స్పైవేర్ మీద తొలి ఉచిత సాధనాల్లో ఒకటైన ఆప్ట్అవుట్‌ను స్టీవ్ గిబ్సన్ 2000లో తయారుచేశాడు. తన కంప్యూటర్‌లో ఒక ప్రకటనల సాఫ్ట్‌వేర్ తనకు తెలియకుండా తిష్ఠ వేయడమే అందుకు కారణం. లావాసాఫ్ట్ వారి యాడ్-అవేర్ ఆ రోజుల్లో పేరుమోసింది. అయితే అందులో కావలి కాసే యాడ్-వాచ్ చాలాకాలం డబ్బు కట్టినవారికే దక్కింది. జర్మనీకి చెందిన పాట్రిక్ కొల్లా రాసిన స్పైబాట్ ఆ పద్ధతి పాటించలేదు. దానిలోని టీటైమర్ ఉచితంగానే విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని కనిపెట్టి ఉండేది. ఏ ప్రోగ్రామైనా అక్కడ మార్పు చేయబోతే ఒప్పుకోమంటారా, వద్దంటారా అని అడిగేది. అడగడం బాగానే ఉంది కానీ, రిజిస్ట్రీ అంటే ఏమిటో తెలియని మనిషి ఏమని చెబుతాడు? విసుగొచ్చి అన్నిటికీ సరే అంటే కావలి ఉన్నా లేనట్టే.

పెద్ద మలుపు 2004 డిసెంబరులో వచ్చింది. మైక్రోసాఫ్ట్ జయంట్ అనే చిన్న కంపెనీని కొని, మరుసటి నెలలోనే దాని యాంటీ స్పైవేర్‌ను బీటాగా జనానికి ఉచితంగా ఇచ్చింది, కావలితో సహా. 2006లో అది విండోస్ డిఫెండర్ పేరుతో విడుదలై, విండోస్ విస్టాతో పాటే కంప్యూటర్లలోకి వచ్చేసింది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి వైరస్‌లను ఆపే పనీ దానిదే అయింది. మాల్‌వేర్‌బైట్స్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఉచిత రూపం మాత్రం ఇప్పటికీ వెతికి తుడిచేదే. మొదట కొన్నాళ్లు ట్రయల్‌గా కావలి కాస్తుంది, గడువు తీరాక మానేస్తుంది. ఆ సంగతి గమనించకపోతే రక్షణ ఇంకా ఉందనే అనుకుంటాం.

ఈ కావలి పనితీరు చెక్‌పోస్టును పోలి ఉంటుంది. ఫైలును తెరవమన్నా, నడపమన్నా ఆ కోరిక ముందు విండోస్ లోపలుండే ఫిల్టర్ డ్రైవర్ చేతికొస్తుంది. తెలిసిన మాల్‌వేర్ ఆనవాళ్లతో పోల్చి చూసి, ఏదీ కలవకపోతేనే దారి వదులుతుంది. ఆనవాళ్లు లేని కొత్త సరుకునైతే నడవడికను బట్టి అనుమానిస్తుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేచోట కావలి కాస్తే ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. అందుకే మరో యాంటీవైరస్ పెడితే డిఫెండర్ తన కావలిని తానే విరమించుకుంటుంది.

తెలుగునాట ఈ కథకు హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ ఒక అధ్యాయం చేర్చింది. 2017 ఫిబ్రవరి 21న కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు, ఆ సంస్థ రూపొందించిన సాధనాలు అక్కడ ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. ఒకే కావలివాడిని పెట్టకుండా వీరు గుమ్మానికొకరిని పెట్టారు. యూఎస్‌బీ ప్రతిరోధ్ పెన్‌డ్రైవుల దారి చూసుకుంటుంది. బ్రౌజర్ జేఎస్‌గార్డ్ వెబ్ పేజీల్లో దాగిన హానికర జావాస్క్రిప్టును పసిగడుతుంది. ఎం-కవచ్ ఆండ్రాయిడ్ ఫోన్లకు. నాలుగోదైన యాప్‌సంవిద్ తీరే వేరు. చెడ్డవాళ్ల జాబితాతో దానికి పనిలేదు. ముందే అనుమతించిన ప్రోగ్రాములను తప్ప దేన్నీ నడవనివ్వదు. రోజూ అవే నాలుగు ప్రోగ్రాములతో బండి నడిపే జిరాక్స్ షాపుకు అతికినట్టు సరిపోయే పద్ధతి ఇది. పూటకో కొత్త సాఫ్ట్‌వేర్ దింపుకొనే కాలేజీ కుర్రాడికి మాత్రం తలనొప్పి.

కావలి మెలకువగా ఉందో లేదో చూడడానికి ఐకార్ అనే హాని లేని పరీక్ష ఫైలు ఉంది. అందులో ఉండేది 68 అక్షరాల వరుస, అంతే. యాంటీవైరస్‌లు దాన్ని గుర్తుపట్టాలని ముందే ఒప్పందం. నోట్‌ప్యాడ్‌లో ఆ వరుస రాసి సేవ్ చేయగానే హెచ్చరిక వస్తే కావలి పనిచేస్తున్నట్టు. స్కాన్ బటన్ నొక్కేదాకా ఆ ఫైలు డెస్క్‌టాప్ మీద నిక్షేపంగా ఉంటే ఉన్నది చీపురొక్కటే.